ఉపాధ్యాయునికి పాఠం చెప్పేవారెవరు?

ఉపాధ్యాయ వృత్తిని గూర్చి వెలువడే వ్యాసాలలో గురువు శిష్యునికి ఏమి నేర్పవలె, ఎట్లు నేర్పవలె అన్న చర్చ విస్తారంగా కనిపిస్తుంది. తన భాష కాని భాష, తన ఆచారం కాని ఆచారం గల చోటికి వెళ్లిన ఉపాధ్యాయుడు అక్కడ తాను ఏమి నేర్చుకొనవలె, ఎవరివద్ద నేర్చుకొనవలె అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఈ వ్యాసంలో మేము పరిశీలింపదలచినది ఆ రెండవ ప్రశ్ననే. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు తెలుగు అధ్యాపకులు, తెలుగు విద్యార్థులకు ఉర్దూ అధ్యాపకులు పాఠాలు చెప్పే మా కళాశాలకు ఇది పరాయి ప్రశ్న కాదు. ఇక్కడ చదివి సౌదీ అరేబియాకో, ఒమాన్‌కో, మాల్దీవులకో ఉపాధ్యాయులుగా వెళ్లదలచిన విద్యార్థులకు సైతం రేపో మాపో ఇది ఎదురు కాక తప్పదు.

ఆహారం, దుస్తులు, వాతావరణం వంటి తేడాలు కంటికి కనిపించేవి. కనుక వాటికి మనిషి త్వరగానే అలవాటు పడతాడు. చిక్కంతా కంటికి కనిపించని చోట ఉన్నది. మేము కృష్ణా జిల్లా నుండి వచ్చి ఈ కళాశాలలో చేరిన మొదటి దినమే హాజరు పట్టీ వద్ద తడబడినాము. మా ప్రాంతపు పట్టీలలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. ఆ తరువాత వచ్చే మొదటి పూర్తి మాటే మనిషి పేరు. ఆ లెక్కనే అనుసరించి 'మహమ్మద్' అని పిలిచినాము. తొమ్మిదిమంది లేచి నిలబడినారు. ఎవ్వరూ నవ్వలేదు. మా ఊరి బడిలో అయితే పైకప్పు ఎగిరిపోయేది. ఆ నవ్వకపోవడంలో ఉన్న మర్యాదను మేము గుర్తించలేదు సరికదా, ఈ తరగతి చాలా నెమ్మదైనదని సంతోషించినాము. అది తరువాత మేము చేసిన పెద్ద పొరపాటుకు చిన్న నాంది.

ఆ పొరపాటును చెప్పుటకు ముందు, ఇదే దారిలో నడిచిన కొందరిని స్మరించుకొనుట యుక్తం.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అలీగఢ్‌లో నెలకొల్పిన మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలకు 1888లో థామస్ ఆర్నాల్డ్ అనే ఆంగ్లేయ యువకుడు తత్త్వశాస్త్రం బోధించుటకు వచ్చినాడు. కేంబ్రిడ్జిలో చదువు ముగించి వచ్చిన ఆ యువకునికి అప్పటికి వయస్సు సుమారు ఇరవై నాలుగు. అదే కళాశాలలో 1883 నుండి అరబ్బీ, పారశీక భాషలు బోధిస్తున్న మౌలానా షిబ్లీ నొమానీ అతనికంటె ఏడేండ్లు పెద్దవాడు. వీరిద్దరి మధ్య జరిగిన ఒప్పందం వినుటకు చిన్నదే: ఆర్నాల్డ్ షిబ్లీ వద్ద అరబ్బీ నేర్చుకొన్నాడు, షిబ్లీ ఆర్నాల్డ్ వద్ద ఫ్రెంచి నేర్చుకొన్నాడు. పాలించే జాతికి చెందిన యువకుడు పాలితుల పండితుని ముందు పలక పట్టి కూర్చున్నాడు. ఆ పండితుడును తన వంతు వచ్చినపుడు ఆ యువకుని ముందు విద్యార్థి అయినాడు. అటువంటి ఇద్దరి మధ్య ఒకరి తప్పు మరొకరు చెప్పుకొనుటకు సంకోచం ఎక్కడ మిగులుతుంది?

1892లో షిబ్లీ తుర్కీ, సిరియా, ఈజిప్టు దేశాలకు ప్రయాణం కట్టినపుడు స్వదేశానికి వెళుతున్న ఆర్నాల్డ్ కొంతదూరం అదే ఓడలో ఉన్నాడు. నడిసముద్రంలో ఓడ యంత్రం చెడిపోయినదట. షిబ్లీ గాబరాపడి ఆర్నాల్డ్‌ను వెదుక్కుంటూ పోగా, అతడు నిశ్చింతగా పుస్తకం చదువుకొంటూ కనిపించినాడు. ఓడ మునిగేదే అయితే మిగిలిన కొద్ది సమయాన్ని వ్యర్థం చేయుట ఎందుకన్నది అతని సమాధానం. ఈ సంగతిని షిబ్లీయే తన యాత్రాగ్రంథంలో వ్రాసుకొన్నాడు. తాను భయపడిన విషయాన్ని దాచుకొనక, మిత్రుని నిబ్బరాన్ని మెచ్చుకొంటూ వ్రాయుటలో ఆ స్నేహపు లోతు తెలుస్తున్నది. ఆర్నాల్డ్ అలీగఢ్‌లో ఉండగానే ఇస్లాం వ్యాప్తి చరిత్రపై 1896లో గొప్ప గ్రంథం ప్రకటించినాడు. 1898లో లాహోరు ప్రభుత్వ కళాశాలకు మారినాడు. అక్కడ అతని శిష్యుడైన ఇక్బాల్, 1904లో గురువు ఇంగ్లండుకు తిరిగిపోయినపుడు ఆ వియోగంపై కవిత వ్రాసిన సంగతి మా ఉర్దూ విభాగం విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. పదునారేండ్లకు పూర్వం ఏ పరిచయమూ లేక వచ్చిన పరదేశి పోతుంటే ఒక కవి దుఃఖించినాడు.

జపానుకు వెళ్లిన లఫ్కాడియో హర్న్ కథ ఇందుకు మరొక కోణం చూపుతుంది. ఐరిష్ తండ్రికి, గ్రీకు తల్లికి జన్మించి, అమెరికాలో పత్రికారచయితగా జీవించిన ఈయన 1890లో మత్సుఏ అనే చిన్న పట్టణంలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా చేరినాడు. జపాను భాష రాదు. ఆ దేశపు బడి ఎట్లుంటుందో తెలియదు. మొదటి దినం ఆయనను వెంటబెట్టుకొని తిరిగి, వేళలు, పుస్తకాలు, మర్యాదలు అన్నీ విడమరచి చెప్పినవాడు సహోపాధ్యాయుడైన నిషిదా సెంతారో. విద్యార్థులు ఇంటికి వచ్చి మౌనంగా కూర్చుంటే ఆ మౌనానికి అర్థమేమో, వారు వ్రాసిన వ్యాసాలలో ఒకే ఉపమానం అందరి కాగితాలలో కనిపిస్తే అది నకలు కాక వారి సంప్రదాయపు ఆలోచన ఎట్లయినదో హర్న్ క్రమంగా గ్రహించి తన పుస్తకంలో వ్రాసినాడు. 1891 చివర కుమామోతో అనే పెద్ద ఊరికి బదిలీ అయినాడు. అక్కడ జీతం ఎక్కువ, కళాశాల పెద్దది. కానీ మనస్సు కుదరలేదు. దేశం అదే, భాష అదే, మనిషి అతడే. మత్సుఏలో ఉన్న నిషిదా వంటివాడు కుమామోతోలో లేడు. భార్య సెత్సు పాతకథలు చెప్పి, అతనికి అర్థమయ్యే విరుపుడు భాషలో వివరించి, ఆ లోటును చాలావరకు తీర్చింది. 1896లో ఆయన జపాను పౌరుడై కోఇజుమి యాకుమో అనే పేరు పెట్టుకొన్నాడు. పేరు మార్చుకొనుట అందరికీ సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. నిషిదా వంటి సహచరుడు మాత్రం అందరికీ అవసరం.

మన దేశపు ఉపాధ్యాయులు పరసీమకు వెళ్లిన ఉదాహరణలలో ఇథియోపియాది అత్యంత ఆసక్తికరమైనది. మన దక్కనుకు ఆ దేశంతో పాత చుట్టరికం ఉన్నది. హబష్ అని మన ఉర్దూ గ్రంథాలు పేర్కొనేది ఆ సీమనే. మక్కాలో హింసకు గురైన తొలి ముస్లింలకు సుమారు 615లో ఆశ్రయమిచ్చిన నజాషీ ఆ దేశపు క్రైస్తవ ప్రభువు. అహమ్మదునగరు రాజ్యాన్ని నిలబెట్టి 1626లో మరణించిన మలిక్ అంబర్ అక్కడ పుట్టి బానిసగా ఇక్కడికి వచ్చినవాడు. హైదరాబాదులో ఏ.సి. గార్డ్స్ అని మనం రోజూ పలికే పేట పేరు నిజాము కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం వల్ల వచ్చినది. అటునుండి ఇటు సైనికులు వచ్చిన దారిలో ఇరవయ్యవ శతాబ్దంలో ఇటునుండి అటు ఉపాధ్యాయులు వెళ్లినారు.

1936 నుండి 1941 వరకు ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించి ఉన్నది. ఆ కాలంలో, ముఖ్యంగా 1937లో, చదువుకొన్న యువకులు అసంఖ్యాకంగా చంపబడినారు. విముక్తి పొందిన దేశానికి బడులు పెట్టవలెనన్న పట్టుదల ఉన్నది గాని పాఠం చెప్పేవారు లేరు. హైలే సెలాసీ చక్రవర్తి విద్యాశాఖను చాలాకాలం తన చేతిలోనే ఉంచుకొని విదేశాల నుండి ఉపాధ్యాయులను రప్పించినాడు. అట్లు వెళ్లినవారిలో భారతీయులు పెద్దసంఖ్యలో ఉన్నారు; వారిలోను కేరళీయులు అధికం. రాజధానిలోనే కాక, కొండల మీది చిన్న ఊళ్లలో సైతం గణితమో, విజ్ఞానశాస్త్రమో, ఇంగ్లీషో చెప్పే భారతీయ మాస్టరు కనిపించే స్థితి ఏర్పడినది. 1974లో రాచరికం కూలినదాక ఈ ప్రవాహం సాగినది. 2000 తరువాత అక్కడ కొత్త విశ్వవిద్యాలయాలు తెరిచినపుడు మరల మనవారు వెళ్లినారు. ఈమారు అందులో తెలుగువారు పలువురున్నారు.

అట్టి ఊరికి వెళ్లిన మాస్టరుకు మొదట ఎదురయ్యేది గడియారం. ఇథియోపియాలో దినం అర్ధరాత్రి మొదలుకాదు, తెల్లవారుటతో మొదలవుతుంది. మన ఉదయం ఏడు వారికి ఒంటిగంట. మన తొమ్మిది వారికి మూడు. పిల్లవాడు రేపు మూడు గంటలకు వస్తానని చెప్పి ఉదయం తొమ్మిదికి వచ్చి నిలబడితే, మాస్టరు మధ్యాహ్నం మూడింటిదాక ఎదురుచూచి అతడు రాలేదని కోపగించును. తప్పెవరిది? సూర్యుడు లేచిన గంట నుండి లెక్క పెట్టుట అసంబద్ధమని ఎవరనగలరు? ఘడియల లెక్క తెలిసిన మన తాతలు ఆ పద్ధతిని చూస్తే మెచ్చుకొనేవారు. ఇక పంచాంగం: ముప్పది దినాల నెలలు పన్నెండు, అయిదు లేక ఆరు దినాల పదమూడవ నెల ఒకటి. కొత్త సంవత్సరం సెప్టెంబరు 11న, కొన్ని ఏండ్లలో 12న వస్తుంది. సంవత్సర సంఖ్య మనకంటె ఏడెనిమిది వెనుక ఉంటుంది. వారు రెండువేల సంవత్సరపు ఉత్సవం జరుపుకొన్నది మన లెక్కలో 2007 సెప్టెంబరులో. విద్యార్థి పుట్టిన సంవత్సరం చూచి వయస్సు లెక్కగట్టిన కొత్త మాస్టరు ఏడెనిమిదేండ్లు తప్పుట సహజం.

పేర్లలోను ఇదే గతి. అక్కడ వంశనామం లేదు. మొదటిది తన పేరు, రెండవది తండ్రి పేరు. రెండవ పేరుతో పిలిస్తే తండ్రిని పిలిచినట్లే. వివాహమైన స్త్రీ తన పేరు మార్చుకొనదు. మా 'మహమ్మద్' ఉదంతం తలపునకు వచ్చినపుడెల్ల, ఆ దేశంలో మొదటి దినం హాజరు పిలిచిన మన దేశీయులు ఎందరి తండ్రులను బడికి రప్పించి ఉంటారో అని నవ్వుకొంటాము.

అయితే మనవారికి దొరికిన సౌలభ్యాలు కూడ కొన్ని ఉన్నవి. యూరోపియను ఉపాధ్యాయునికి వింతగా తోచే అంహారిక్ లిపి మన గుణింతం ఎరిగినవానికి అంత వింత కాదు. ముప్పది మూడు మూలాక్షరాలు. ఒక్కొక్కదానికి అచ్చును బట్టి ఏడు రూపాలు. అక్షరానికి కాలు పొడిగించియో, పక్కన గీత చేర్చియో, చిన్న సున్న తగిలించియో గుణింతం సాగిస్తారు. తెఫ్ అనే సన్నని ధాన్యపు పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా మన దోసెకు దూరపు బంధువు. శాకాహారికి మాంసప్రియమైన దేశంలో గడచుట ఎట్లని భయపడేవారికి అక్కడి క్రైస్తవుల ఉపవాసాలు వరమైనవి. బుధ, శుక్రవారాలలోను, ఈస్టరుకు ముందు యాభై అయిదు దినాలు మాంసం, పాలు, గ్రుడ్లు ముట్టరు. ఆ దినాలలో పప్పు, కూర, సెనగపిండితో వండే షిరో ప్రతి ఇంటా దొరుకుతాయి. పరాయి మతపు నియమం మన నియమానికి అన్నం పెట్టినది!

కాఫీ పుట్టిన దేశం కాబట్టి అక్కడ కాఫీ ఒక కర్మకాండ. పచ్చిగింజలు అతిథి ఎదుటనే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి, మూడు వరుసలు పోస్తారు. మొదటి వరుస అబోల్, రెండవది తోనా, మూడవది బరకా. ఈ మూడవ మాట మన బర్కతే. తొందరలో ఒక్క గిన్నె త్రాగి లేచిపోయిన మాస్టరు బర్కత్‌ను వదులుకొని పోయినట్లు. మాటలు నడిచేది ఆ వరుసల నడుమనే. పిల్లవాడు పొలం పనికి ఎందుకు పోయినాడో, ఎంత దూరం నుండి నడచి వస్తున్నాడో తెలిసేది అక్కడనే గాని హాజరు పట్టీలో కాదు.

ఇవన్నీ కొద్దినెలలలో ఎవరైనా నేర్చుకొనవచ్చును. అసలు పరీక్ష తరగతి గదిలో ఉన్నది. ఇథియోపియన్లు 'అవును' అనుటకు ఒక్కొక్కప్పుడు మాట పలకరు. నోటితో చటుక్కున ఊపిరి లోనికి పీలుస్తారు. విననివారికి అది ఉలికిపాటువలె, భయపడినట్లు వినిపిస్తుంది. అర్థమైనదా అని మాస్టరు అడిగితే పిల్లవాడు ఉలిక్కిపడినట్లు ఊపిరి పీలుస్తాడు. తానేదో బెదిరించినానని మాస్టరు నొచ్చుకొంటాడు. ఇటు మాస్టరు మన అలవాటు చొప్పున తలను పక్కలకు ఊపుతూ 'బాగున్నది' అంటాడు. పిల్లవాడు అది కాదని అర్థం చేసుకొని సరిగా వ్రాసిన లెక్కను చెరిపివేస్తాడు. పెద్దల ఎదుట కన్నులు దించుకొనుట అక్కడ మర్యాద. కన్నులలోనికి చూచి చెప్పని వాడు అబద్ధమాడుతున్నాడని నమ్మే ఉపాధ్యాయుడు ఆ తరగతినంతా అబద్ధాలకోరుల గుంపుగా భావించే ప్రమాదం ఉన్నది. పుస్తకంలోని పాఠం ఇరుపక్షాలకు తెలుసును. 'అవును' అన్న ఒక్క మాట మాత్రం ఇరుపక్షాలకు తెలియదు. ఆ ఒక్కటి ఎవరో ఒకరు చెప్పవలె. విద్యార్థి చెప్పడు, ఎందుకంటే అది తనకు ఊపిరివంటిది. ఊపిరి పీల్చుట గూర్చి ఎవడు వివరిస్తాడు? సహోపాధ్యాయుడే చెప్పవలె.

ఇప్పుడు మా సంగతికి వస్తున్నాము.

మేము చేరిన తొలి సంవత్సరం, రంజాన్ మాసం. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు మొదటి గంటకు వరుసగా ఏడు దినాలు ఆలస్యంగా వచ్చినాడు. వచ్చినవాడు చివరి బల్లమీద కూర్చుని కునికిపాట్లు పడేవాడు. అంతకు ముందు చురుకైనవాడే. తెలుగు వత్తులు పలుకుటకు నోరు తిరగకపోయినా పట్టు విడిచేవాడు కాదు. ఎనిమిదవ దినం మేము విసిగి, "చదువు మీద ఇష్టం లేకపోతే రేపటి నుండి రానక్కరలేదు" అన్నాము. మా ప్రాంతంలో ఈ వాక్యం వినని విద్యార్థి ఉండడు. మేమే మా గురువుల నోట పదిసార్లు విన్నాము. మరునాడు తల గోక్కుంటూ గుమ్మంలో నిలబడి "తప్పయింది మాస్టారూ" అంటే, "ఏడిశావులే, కూర్చో" అనేవారు. అది తిట్టు కాదు, ఒక తంతు. ఈ విద్యార్థి లేచి నిలబడి, కన్నులు దించుకొని, "జీ సార్" అన్నాడు. మరునాడు రాలేదు. ఆపైన రాలేదు. ఈద్ పండుగ గడచినది. మేము అతనిని గర్విష్ఠిగా భావించి, నియమం ప్రకారం దినాలు నిండగానే పట్టీలో పేరు కొట్టివేసినాము.

వార్షిక పరీక్షల కాలంలో, చాయ్ త్రాగుతూ, మా ఉర్దూ విభాగపు పెద్దలొకరు మాటవరుసకు ఆ విద్యార్థి ప్రస్తావన తెచ్చినారు. రంజాన్ నెలంతా అతడు ఒక హోటలు హలీం బట్టీ వద్ద రాత్రిపని చేసేవాడట. సెహ్రీ వేళ వరకు కర్రలతో గోధుమను, మాంసాన్ని మెదిపి, ఉపవాసానికి ఇంత తిని, నమాజు చేసుకొని, కన్ను మూయక కళాశాలకు వచ్చేవాడట. ఆ నెల కూలి అతనికి, అతని చెల్లెలికి ఏడాది ఫీజు. ఉస్తాద్ రావద్దన్నారు కాబట్టి రాలేదు. ఉస్తాద్ మాటకు ఎదురు మాట్లాడి బ్రతిమాలుట అతడు నేర్చిన అదబ్‌లో లేదు.

"జనాబ్, ఈ మాట ఆనాడే మాతో ఎందుకు అనలేదు?" అని అడిగినాము.

"మీరు కొత్తగా వచ్చినవారు. మీ తరగతి విషయంలో నేను జోక్యం చేసుకొంటే మీకు అవమానంగా ఉంటుందని ఊరకున్నాను" అన్నారు వారు.

విద్యార్థి మర్యాద కొరకు మౌనం వహించినాడు. పెద్దలు మర్యాద కొరకే మౌనం వహించినారు. మేము మాత్రం మాట్లాడినాము. ఆ సాయంత్రమే విద్యార్థి ఇల్లు వెదుక్కుంటూ వెళ్లినాము. అతడు అప్పటికే మేనమామ దుకాణంలో పనికి మరో ఊరు వెళ్లినాడు. తల్లి పరదా వెనుక నుండి చిన్నబిడ్డ చేత మంచినీళ్లు పంపించింది. ఉస్తాద్ మా గుమ్మం త్రొక్కినారని కృతజ్ఞత చెప్పింది. ఒక్క నిష్ఠురమైనా ఆడలేదు. ఆడి ఉంటే మాకు కొంత తేలికగా ఉండేది. మేనమామకు జాబు వ్రాయించినాము, సమాధానం రాలేదు.

ఆ తరువాత మేము కొన్ని మార్చుకొన్నాము. "అర్థమైందా?" అని అడుగుట మానివేసినాము. ఈ గదిలో ఆ ప్రశ్నకు "జీ" తప్ప వేరు సమాధానం లేదు. ఆ "జీ"లో అర్థమైనదన్న సూచన లేదు, విన్నానన్న వినయం ఉన్నది. ఇథియోపియా పిల్లవాని ఊపిరి వంటిదే ఇది, దిక్కు మాత్రమే వేరు. దానికి బదులు, "నీ పక్కవానికి ఉర్దూలో చెప్పి చూపించు" అంటున్నాము. చెప్పుటలో తడబాటు ఎక్కడ వచ్చినదో అక్కడ పాఠం మరల మొదలవుతుంది. 'కల్' అన్న మాట నిన్నకు, రేపటికి రెండింటికి చెల్లుతుందని, హైదరాబాదులో 'పర్సోఁ' అంటే గడచిన ఏ దినమైనా కావచ్చునని నేర్చుకొన్నాము. కాబట్టి వ్యాసాలకు గడువు తేదీ వేసి నల్లబల్ల మీద వ్రాస్తున్నాము.

ఈ పొరపాట్లు తెలుగువారికే పరిమితమని విద్యార్థులు తలపరాదు. ఉర్దూ మాతృభాషగా గల మా మిత్రుడొకరు ఒక తెలంగాణ పల్లె ఉన్నత పాఠశాలలో గణితం చెప్పుటకు వెళ్లినారు. మొదటి వారమే ఒక బాలుడు, "సార్, నువ్వు నిన్న చెప్పిన లెక్క మల్ల చెప్పవా?" అన్నాడు. చిన్నబిడ్డను సైతం 'ఆప్' అని పిలిచే ఇంట పెరిగిన మనిషి. ముఖం ఎర్రబడినది, బాలుని బయట నిలబెట్టినారు. ఆ పల్లెలో తల్లిని, తాతను, దేవుణ్ణి కూడ 'నువ్వు' అనే పిలుస్తారని, తనను ఆ వరుసలో చేర్చుకొనుట ఆదరమే గాని అవమానం కాదని ఆయనకు తెలియుటకు ఒక సంవత్సరం పట్టినది. ఆ సంవత్సరమంతా ఆ తరగతిలో ఎవరూ ఆయనను మరొక ప్రశ్న అడగలేదు.

కొత్తవారికి ఒక చిన్న పుస్తకం అచ్చు వేసి ఇస్తే సరిపోదా అని కొందరు పెద్దలు మాతో అన్నారు. పుస్తకంలో పండుగల తేదీలు, నమాజు వేళలు, పేర్ల పద్ధతి వ్రాయవచ్చును, అది మంచిదే. "రేపటి నుండి రానక్కరలేదు" అన్న వాక్యం ఈ ఊళ్లో ఎంత బరువు తూగుతుందో ఏ పుస్తకంలో వ్రాయగలము? అందుచేత కళాశాల కమిటీ వారికి మేము మనవి చేయునది ఇది. కొత్తగా చేరిన ప్రతి అధ్యాపకునికి మొదటి సంవత్సరం, ఆయన భాష కాని భాషకు చెందిన పెద్ద అధ్యాపకుని ఒకరిని తోడుగా నియమించండి. తనిఖీకి కాదు, నివేదికలకు అంతకంటె కాదు. ఇద్దరికీ వారానికి ఒక గంట బోధన తగ్గించి, ఆ గంట కలిసి కూర్చునే వీలు కల్పించండి. తప్పు చెప్పుట ఆ పెద్దల విధి అని ముందే ప్రకటిస్తే, చెప్పుట అమర్యాద కాకుండా పోతుంది. షిబ్లీకి, నిషిదాకు ఎవరూ ఈ పని అప్పగించలేదు. అది వారి గొప్పతనం. అటువంటివారు అదృష్టం కొద్దీ దొరుకుతారని మనం కాచుకొని కూర్చున్నందువల్ల ఒక విద్యార్థి పేరు పట్టీలో కొట్టివేయబడినది.

ఈ సంవత్సరం గోదావరి జిల్లా నుండి మా విభాగానికి ఒక యువకుడు వచ్చినాడు. ఉత్సాహవంతుడు, వెనుకబడిన విద్యార్థులకు అదనపు తరగతి పెట్టదలచి, శుక్రవారం ఒంటిగంట వేళ ఖాళీగా ఉన్నదని చూచి, నల్లబల్ల మీద వ్రాసినాడు. విద్యార్థులందరు "జీ సార్" అన్నారు. ఆ మధ్యాహ్నం మేము వరండాలో ఉండగా, మా కళాశాలలో ఎన్నో ఏండ్లుగా పనిచేస్తున్న అటెండరు ఆయన వద్దకు వెళ్లి, చేతులు కట్టుకొని, "సార్, శుక్రవారం ఒంటిగంటకు జుమా నమాజు ఉంటది. పిల్లలు మీకు చెప్పరు. అందుకని నేనే చెప్తున్న" అన్నాడు.

ఆ యువకుడు ఒక్క క్షణం నిలబడి, గదిలోనికి తిరిగి వెళ్లి, శుక్రవారం అన్న మాట తుడిచి శనివారమని వ్రాసినాడు.